కొస్సూత్ కౌంటీ: నేలా, నీళ్ళూ, జనమూ

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మన జిల్లాల్లాంటి కౌంటీలు 99 ఉన్నాయి. పటం తెరిచి చూస్తే వాటిలో చాలా భాగం ఒకే కొలతతో కోసినట్టు నలుచదరంగా కనిపిస్తాయి. ఉత్తరపు అంచున, మిన్నెసోటా సరిహద్దును ఆనుకుని, ఒక్క కౌంటీ మాత్రం ఇరుగుపొరుగు కౌంటీలకు దాదాపు రెట్టింపు పొడవుతో దక్షిణానికి దిగి వస్తుంది. అదే కొస్సూత్ కౌంటీ. విస్తీర్ణంలో అయోవాలో అదే పెద్దది: 973 చదరపు మైళ్ళు, అంటే సుమారు 2,520 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం అంత నేల మీద ఉంటున్నవారు 14,828 మంది. ముఖ్యపట్టణమైన అల్గోనాలో ఉన్న 5,487 మందిని పక్కన పెడితే, మిగిలిన కౌంటీలో చదరపు మైలుకు పది మంది కూడా లేరు.

రాష్ట్ర రాజధాని డెమోయిన్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కంపెనీల్లోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనూ ఉన్న మన తెలుగువాళ్ళలో ఎక్కువమందికి ఉత్తర దిక్కున తెలిసిన అయోవా రెండు చోట్లకే పరిమితం. ఒకటి, మాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గర మొక్కజొన్న చేల మధ్య ఉన్న గుడి. రెండోది, మన పిల్లలు చదువుకునే, ఏమ్స్‌లోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం. అక్కడి నుంచి 169వ నంబరు రహదారి పట్టుకుని ఫోర్ట్ డాడ్జ్, హంబోల్ట్ దాటి అల్గోనా దాకా వెళ్ళేవారు అరుదు. నాకు ఆ దారి ఇష్టం. చూడదగ్గ వింతలేమీ లేని నేల అని చాలామంది అంటారు కానీ, ఒక ప్రాంతపు నేల తీరుకూ అక్కడ ఎంతమంది బతకగలరన్న లెక్కకూ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా కనిపించే చోటు నేను మరొకటి చూడలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు ఆ పొడవు సంగతి. 1851 జనవరిలో అయోవా శాసనసభ ఒకే చట్టంతో పదుల కొద్దీ కౌంటీలను పటం మీద గీసింది. అప్పటికి వాటిలో చాలా చోట్ల తెల్లవాళ్ళ ఇల్లు ఒక్కటీ లేదు. పేర్ల కోసం ఆ కాలపు పత్రికల్లో మారుమోగుతున్న వీరుల వైపు చూశారు. ఐర్లండ్ దేశభక్తుల పేర్లతో ఎమ్మెట్, ఓబ్రయెన్, మిచెల్ కౌంటీలు వచ్చాయి. 1848 హంగరీ విప్లవ నాయకుడు లాయోష్ కొస్సూత్ పేరు ఈ కౌంటీకి దక్కింది. దీనికి ఉత్తరాన, మిన్నెసోటా సరిహద్దు దాకా, బాన్‌క్రాఫ్ట్ అనే మరో కౌంటీని కూడా గీశారు. జనం లేని ఆ కౌంటీని 1855లో కొస్సూత్‌లో కలిపేశారు. అల్గోనా అప్పటికి ఏడాది వయసున్న ఊరు. ఏసా కాల్, ఆంబ్రోస్ కాల్ అనే అన్నదమ్ములు 1854లో డెమోయిన్ నది తూర్పు పాయ ఒడ్డున దాన్ని స్థాపించారు. ఆ చోటు పెద్ద కౌంటీకి బాగా దక్షిణాన పడింది. సరిహద్దు దగ్గర స్థిరపడిన రైతు ఒక దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలంటే గుర్రబ్బండి మీద ముప్పై మైళ్ళు పోవాలి. 1870లో ఉత్తర భాగాన్ని విడదీసి క్రాకర్ కౌంటీ అని కొత్తగా ఏర్పాటు చేశారు. 432 చదరపు మైళ్ళకు తక్కువ విస్తీర్ణంతో కొత్త కౌంటీ ఏర్పడరాదని రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది; మిన్నెసోటా సరిహద్దు రేఖ అడ్డుపడి ఉత్తరపు వరుస సన్నబడటం వల్ల క్రాకర్‌కు ఆ కొలత అందలేదు. 1871లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అలా నేటి పొడవు ఖాయమైంది.

నేల కథ అంతకన్నా చాలా పాతది. చివరి హిమయుగంలో ఒక హిమానీనదం ఉత్తరం నుంచి నాలుకలా చాచుకుని, నేడు డెమోయిన్‌లో శాసనసభ భవనం ఉన్న గుట్ట దాకా వచ్చి ఆగింది. సుమారు పన్నెండు వేల ఏళ్ళ కిందటికల్లా అది కరిగి వెనక్కి తగ్గింది. భూగర్భ శాస్త్రంలో ఇది చాలా దగ్గరి కాలం. అందువల్ల ఆ మంచు కప్పిన ప్రాంతంలో వాననీరు తనకు తానుగా వాగులు, వంకలు కోసుకునేంత వ్యవధి దొరకలేదు. కొస్సూత్ పూర్తిగా ఆ ప్రాంతంలోనే ఉంది. నేల చదును, ఆ చదునులో ఇక్కడొకటి అక్కడొకటిగా లెక్కలేనన్ని పల్లాలు. వసంతంలో మంచు కరిగిన నీరు, ఆ తరవాత కురిసే వాననీరు, పోవడానికి దారిలేక ఆ పల్లాల్లో నిలిచేవి. వాటి చుట్టూ నిలువెత్తు గడ్డి, లక్షల బాతులు. వేల ఏళ్ళ పాటు ఆ గడ్డి వేళ్ళు కుళ్ళి మట్టిలో కలిసినందువల్లే ఇక్కడి నేలకు ఆ నలుపు. మన నల్లరేగడి నలుపు వేరు. రేగడి ఎండితే బీటలు వారి రాయిలా గట్టిపడుతుంది, ఈ మట్టి మాత్రం గుప్పిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలుతుంది.

నీళ్ళకు దారి లేదని చెప్పడానికి యూనియన్ స్లూ అనే చిత్తడి నేలే సాక్ష్యం. అది రెండు పరీవాహక ప్రాంతాల మధ్య గట్టు మీద ఉంది. కౌంటీ ఉత్తర భాగపు నీరు బ్లూ ఎర్త్ నదిలో కలిసి మిన్నెసోటా వైపు పోతుంది. దక్షిణ భాగపు నీరు డెమోయిన్ నది తూర్పు పాయలో కలిసి దక్షిణానికి పోతుంది. ఈ రెండింటి మధ్య మిట్ట ఎంత తక్కువంటే, పాతరోజుల్లో వానను బట్టి, గాలివాటును బట్టి ఆ చిత్తడిలోని నీరు ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలేది. పక్కపక్క చేలలో పడిన రెండు చినుకులు వందల మైళ్ళు వేరువేరు దారుల్లో తిరిగి, చివరికి అయోవా ఆగ్నేయపు మూలన కియోకక్ దగ్గర మిసిసిపీలో కలుసుకుంటాయి. 1930ల చివర్లో యూనియన్ స్లూను జాతీయ వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటించారు. ఆ ప్రాంతం మొత్తం ఒకనాడు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి.

మిగతా తడి ఏమైంది? భూమి కిందికి పోయింది. డకోటా తెగలు 1851 ఒప్పందాలతో ఈ భూములను వదులుకోవలసి వచ్చిన తరవాత స్థిరపడ్డ రైతులు, మొదట ఎత్తుగా పొడిగా ఉన్న చోట్లనే దున్నుకున్నారు. 1860లో కౌంటీ మొత్తానికి 416 మంది. తడినేల సాగులోకి రావాలంటే నీరు తీయాలి. అందుకు అడుగు పొడవుండే కాల్చిన మట్టి గొట్టాలను మూడు నాలుగు అడుగుల లోతున ఒకదాని పక్కన ఒకటి పేర్చి, అతుకుల సందుల గుండా నీరు గొట్టంలోకి దిగేటట్టు చేసేవారు. అక్కడ వీటిని టైల్ అంటారు. చేతి పారలతో మైళ్ళకు మైళ్ళు తవ్వి వేసిన గొట్టాలవి. ఒక రైతు తన చేలో నీరు తీస్తే అది పక్కవాడి చేలోకే పోతుంది కాబట్టి, ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. 1908లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి డ్రైనేజీ డిస్ట్రిక్టులకు చోటు కల్పించారు. లబ్ధి పొందే భూములన్నిటి మీదా పన్ను వేసి, పెద్ద గొట్టాలూ కాలువలూ ఉమ్మడిగా తవ్వించి, నిర్వహణను కౌంటీ సూపర్వైజర్ల బోర్డు చూసుకునే ఏర్పాటు అది. నేటికీ ఆ పద్ధతే. అయోవాలో ఒకప్పటి చిత్తడి నేలల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా ఇలాగే మాయమయ్యాయి.

మే నెలలో పెద్ద వాన పడ్డ మరుసటి రోజు ఆ దారిన వెళితే ఈ వ్యవస్థ కళ్ళ ముందు పనిచేస్తూ కనిపిస్తుంది. కంకర రోడ్డు పక్క లోతైన కాలువలోకి గట్టు లోంచి జానెడు వెడల్పు గొట్టం ఒకటి పొడుచుకు వచ్చి ఉంటుంది. మూతికి ఎలుకలూ ఉడుతలూ దూరకుండా ఇనుప జాలీ బిగించి ఉంటుంది. అందులోంచి నీరు ధారగా దూకుతుంటుంది. చేయి పెడితే చల్లగా, చూపుకు తేటగా ఉంటుంది. పైన చేలో మాత్రం నీటి జాడ ఉండదు. వేలెడు మొక్కజొన్న మొలకలు బారులు తీరి కనిపిస్తాయి. ఈ నీటి సంగతికి చివర్లో మళ్ళీ వస్తాను.

నేలను ఆరబెట్టడానికి ముందే దాన్ని కొలిచి పెట్టారు. సమాఖ్య ప్రభుత్వపు సర్వేలో ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్. అందులో ఒక్కొక్క చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు. సెక్షన్ అంటే 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేస్తే వచ్చే 160 ఎకరాలు ఒక కుటుంబానికి సరిపోయే కమతమని ఆనాటి అంచనా. మామూలు అయోవా కౌంటీకి ఇలాంటి టౌన్‌షిప్‌లు పదహారు, కొస్సూత్‌కు 28. సెక్షన్ గీతల వెంటే మైలుకొక రోడ్డు, ఆ రోడ్ల వెంటే ఇళ్ళు, ఇంటికి పడమరా ఉత్తరమూ చలిగాలిని ఆపే చెట్ల బారు. ఈ లెక్కలో జనాభా కూడా దాగి ఉంది. సెక్షన్‌కు నాలుగు కుటుంబాలు, కుటుంబానికి ఐదుగురు అనుకుంటే చదరపు మైలుకు 20 మంది, అంటే కౌంటీ గ్రామీణ ప్రాంతానికి సుమారు 19,500 మంది. 1900లో పట్టణాలతో కలిపి కొస్సూత్ జనాభా 22,720. గీతలు గీసిన నాడే ఎంతమంది రావాలో దాదాపుగా తేలిపోయిందన్నమాట.

ఆ నిండుదనం చాలా వేగంగా వచ్చింది. 1870లో రైలు అల్గోనా చేరేనాటికి 3,351 మంది ఉన్నారు. 1880లో 6,178, 1890లో 13,120, మరో పదేళ్ళకు పైన చెప్పిన సంఖ్య. రైలు దారుల వెంట, ధాన్యపు బండి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో ఊళ్ళు వెలిశాయి: బాన్‌క్రాఫ్ట్, బర్ట్, విట్టెమోర్, వెస్లీ, టిటొంకా, ఫెంటన్, లెడ్యర్డ్, లోన్ రాక్. వచ్చినవారిలో జర్మన్లు ఎక్కువ. లూథరన్లు ఒకచోట, కాథలిక్కులు మరొకచోట, ఉత్తర సముద్రపు ఒడ్డున ఉన్న తూర్పు ఫ్రీస్లాండ్ నుంచి వచ్చినవారు టిటొంకా వైపు. స్వీడన్ వాళ్ళు స్వీ సిటీ కట్టుకున్నారు. ఇంట్లో, చర్చిలో, సంతలో ఎవరి భాష వారిది. మొదటి ప్రపంచయుద్ధం దాన్ని బలవంతంగా ముగించింది. 1918 మేలో గవర్నర్ హార్డింగ్, బడిలోనూ బహిరంగ స్థలాల్లోనూ ప్రార్థనల్లోనూ చివరికి టెలిఫోన్‌లోనూ ఇంగ్లీషు తప్ప మరే భాషా వాడరాదని ఉత్తర్వు ఇచ్చాడు. జర్మేనియా అనే ఊరు లకోటాగా పేరు మార్చుకున్నది ఆ రోజుల్లోనే. అదే రాష్ట్రంలో నేడు మనం గుడిలో, వారాంతపు బడిలో, ఫోనులో నిర్భయంగా తెలుగు మాట్లాడుకుంటున్నాం. అందుకే ఆ ఉత్తర్వు గురించి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అమ్మమ్మకు ఫోను చేసి ఆమె భాషలో మాట్లాడటం నేరమైన ఊరు ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

కౌంటీ జనాభా 1940లో 26,630కి చేరింది. అదే దాని శిఖరం. కొద్ది ఏళ్ళకే యుద్ధానికి పోయిన యువకుల వల్ల కూలీలు కరువై, 1944 నుంచి 1946 వరకు అల్గోనా పక్కన జర్మన్ యుద్ధఖైదీల శిబిరం నడిచింది. మొత్తం మీద సుమారు పదివేల మంది ఖైదీలు ఆ శిబిరం గుండా వెళ్ళారు. చుట్టుపక్కల పొలాల్లో పనిచేశారు. ఎడ్వర్డ్ కైబ్ అనే ఖైదీ, తోటివారితో కలిసి క్రీస్తు జననఘట్టాన్ని నిలువెత్తులో సగం ఉండే అరవై బొమ్మలతో తయారుచేశాడు. ప్రతి డిసెంబరులో అల్గోనాలో నేటికీ ప్రదర్శిస్తారు. జర్మన్ మాట్లాడటాన్ని నిషేధించిన పాతికేళ్ళకే, ఆ పొలాలను జర్మన్ ఖైదీల చేతులు ఆదుకున్నాయి.

ఇక తగ్గుదల. ఇక్కడ చాలామంది తప్పుగా అనుకునేదేమిటంటే, పంటలు పోయి, భూములు బీడుపడి జనం వెళ్ళిపోయారని. జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. నేల అంతకంతకూ ఎక్కువ పండటం వల్లే జనం తగ్గారు. హెన్రీ వాలెస్ 1926లో డెమోయిన్‌లో స్థాపించిన హైబ్రిడ్ విత్తనాల కంపెనీయే తరవాత పయొనీర్ అయింది. ఆ విత్తన సంచులు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మొక్కజొన్న వేసే ప్రతి రైతుకూ పరిచయమే. హైబ్రిడ్లు రాకముందు అయోవాలో ఎకరానికి 30 నుంచి 40 బుషెళ్ళు పండితే సంతోషించేవారు. ఇప్పుడు రాష్ట్ర సగటు 200 బుషెళ్ళకు అటూ ఇటూగా ఉంటోంది. అంటే ఎకరానికి సుమారు 50 క్వింటాళ్ళు. మొత్తం మొక్కజొన్న దిగుబడిలో రాష్ట్రంలోని కౌంటీలన్నిటిలో కొస్సూత్ ఏటా ముందువరసలో, తరచు మొదటి స్థానంలో ఉంటుంది. సోయాకూ అదే మాట. కానీ గుర్రాల స్థానంలో ట్రాక్టరు, చేతి కోత స్థానంలో కంబైన్, కలుపు తీసే కూలీల స్థానంలో మందులు వచ్చాక 160 ఎకరాలు ఒక కుటుంబానికి చాలా చిన్న కమతమైపోయింది. యంత్రం ఖరీదు రాబట్టుకోవాలంటే పక్క కమతం కూడా కావాలి. పక్కవాడు అమ్మాలి, లేదా కౌలుకు ఇచ్చి ఊరు వదలాలి. ఎవరూ ఎవరినీ తరమలేదు, లెక్కే తరిమింది.

1980లలో ఆ లెక్క మరీ క్రూరంగా మారింది. డెబ్బైలలో భూమి ధర పెరుగుతూ పోతుంటే బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. ఆ తరవాత వడ్డీలు ఆకాశానికి ఎక్కి, పంట ధరలూ భూమి ధరలూ కూలిపోయాయి. ఆ పదేళ్ళలో కొస్సూత్ 21,891 నుంచి 18,591కి పడిపోయింది. అంటే వంద మందిలో పదిహేను మంది పోయారు. పోయినవారిలో అప్పుడే పెళ్ళిళ్ళయి పిల్లల్ని కనవలసిన వయసువారు ఎక్కువ కావడంతో, ఆ నష్టం తరవాతి దశాబ్దాల్లో పుట్టని పిల్లల రూపంలో కొనసాగింది. 2000లో 17,163, 2010లో 15,543, 2020లో 14,828. శిఖరం నుంచి లెక్కిస్తే నూటికి 44 మంది తగ్గారు. ఇప్పుడు కౌంటీలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు అరవై ఐదు దాటినవారు. టిటొంకా స్కూలు డిస్ట్రిక్టు అల్గోనాలో కలిసిపోయింది. ఉత్తరాన ఉన్న బడులు పక్క కౌంటీ బడితో కలిసి నడుస్తున్నాయి.

చేల మధ్య ఈ తగ్గుదల ఆనవాళ్ళు పట్టుకోవడం తేలిక. పడమరకూ ఉత్తరానికీ ఎల్ ఆకారంలో చెట్లుంటాయి, వాటి మధ్య ఉండవలసిన ఇల్లు ఉండదు. ఒక గాలిమర స్తంభమో, తలుపు ఊడిన కొట్టమో మిగిలి ఉంటుంది. ఇంకొన్నాళ్ళకు ఆ చెట్లనూ పెకలించి అక్కడిదాకా సాళ్ళు పొడిగిస్తారు. రోడ్లు మాత్రం మైలుకొకటి అలాగే ఉన్నాయి. నాలుగు ఇళ్ళ కోసం వేసిన రోడ్డుకు ఇప్పుడు ఒక్క ఇల్లున్నా కంకర పోయవలసిందే, చలికాలంలో మంచు తీయవలసిందే, వంతెన బాగుచేయవలసిందే. సగం జనం తగ్గితే సగం రోడ్లు మూసేయలేరు. కంబైన్లూ ధాన్యపు లారీలూ ఒకప్పటి బండ్ల కన్నా ఎన్నో రెట్లు బరువైనవి కూడా. కౌంటీ బడ్జెట్‌లో ఈ ఇబ్బంది ఎప్పటికీ తీరేది కాదు.

అల్గోనా మాత్రం బాగానే నిలదొక్కుకుంది. ఆసుపత్రి, కోర్టు, స్నాప్-ఆన్ కంపెనీ పనిముట్ల పెట్టెలు తయారుచేసే కర్మాగారం అన్నీ అక్కడే ఉన్నాయి. చికాగో భవనశిల్పి లూయిస్ సల్లివాన్ 1913లో కట్టిన చిన్న ఇటుక భవనం కూడా ఆ ఊళ్ళో ఉంది. అంత పేరున్న మనిషి పని అంత చిన్న ఊళ్ళో చూడటం నాకు ఎప్పుడూ ఆనందమే. చుట్టుపక్కల చిన్న ఊళ్ళు తరిగిపోతున్న కొద్దీ వాటి అవసరాలు అల్గోనాకు చేరుతున్నాయి. ఇలాంటి కౌంటీల్లో నేడు వినవచ్చే మాట ఉద్యోగాలు లేవని కాదు, చేసేవాళ్ళు లేరని. పందుల షెడ్లలో, కర్మాగారాల్లో, వృద్ధాశ్రమాల్లో మనుషులు కావాలి. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు కొన్ని వచ్చి స్థిరపడుతున్నాయి. వందేళ్ళ కిందటి ఉత్తర్వును గుర్తుంచుకున్నవారు ఈసారి కొత్త భాషను ఇంకాస్త మర్యాదగా ఆహ్వానిస్తారని నా ఆశ.

ఇప్పుడు ఆ గొట్టపు నీరు. టైల్ లోంచి వచ్చే నీరు తేటగా కనిపిస్తుంది కానీ, అందులో నైట్రేట్ కరిగి ఉంటుంది. ఎరువు నుంచి కొంత, పందుల పేడ నుంచి కొంత, ఆ నల్లమట్టి లోంచే కొంత. పూర్వం చిత్తడిలో నెలల తరబడి నిలిచి సూక్ష్మజీవుల వల్ల శుద్ధయ్యే నీరు, ఇప్పుడు నేరుగా గొట్టంలోంచి కాలువకూ, కాలువలోంచి నదికీ పోతోంది. కొస్సూత్ దక్షిణ భాగపు నీరు తూర్పు పాయలో చేరి, హంబోల్ట్ దిగువన పడమటి పాయతో కలిసి, డెమోయిన్ నదిగా మా నగరానికి వస్తుంది. ఇక్కడ సుమారు ఆరు లక్షల మంది తాగేది డెమోయిన్, రాకూన్ నదుల నీళ్ళే. తాగే నీటిలో నైట్రేట్, అందులోని నైట్రోజన్‌ను బట్టి కొలిస్తే, లీటరుకు 10 మిల్లీగ్రాములు మించి ఉండరాదు. 2025 జూన్‌లో నదుల్లో నైట్రేట్ ఎంత పెరిగిందంటే, శుద్ధియంత్రాలు పూర్తి సామర్థ్యంతో నడిచినా సరిపోక, పచ్చికలకు నీళ్ళు పెట్టడాన్ని నిషేధించారు. మా వీధిలో గడ్డి ఎండిపోయింది.

నగరంలో చాలామంది దీనికి రైతులను తిడతారు. నాకు అది న్యాయంగా తోచదు, అలాగని ఊరుకోవడమూ న్యాయం కాదు. ఒక శతాబ్దం పాటు రాష్ట్రమే చట్టం చేసి, పన్ను వేసి, ఆ నేలను ఆరబెట్టించింది. ఇప్పుడు దాని పర్యవసానాన్ని సరిదిద్దే మార్గాలూ తెలిసినవే: పల్లపు చోట్ల కొన్ని ఎకరాలను మళ్ళీ చిత్తడిగా వదిలి టైల్ నీటిని వాటిలోకి మళ్ళించడం, వాగు గట్టున గడ్డిపట్టీ పెంచి గొట్టపు నీరు దాని కిందుగా ఇంకేలా చేయడం, మొక్కజొన్న కోశాక రై వంటి పైరు వేసి శీతకాలమంతా నేలను కప్పి ఉంచడం. వీటికి డబ్బు కావాలి. దాన్ని దిగువన ఉన్న మేమూ భరించాలి. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి డ్రైనేజీ డిస్ట్రిక్టు సమావేశంలో కూర్చుని, ప్రతి గొట్టం ఎక్కడ తేలుతుందో తెలిసి, ఆ పని చేయించే మనుషులు కావాలి. 1940లో అలాంటి రైతు ప్రతి అరమైలుకూ ఒకడుండేవాడు. ఇప్పుడు వేల ఎకరాలకు ఒకడున్నాడు, అతనికి అరవై దాటాయి, భూమిలో సగం అతనికి కౌలుకిచ్చిన యజమానులు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు.